మెలిక తప్పిన బెల్టు

"చేసింది ఒప్పేసుకో, మిడ్జ్‌లీ. నీకూ హాయి, నాకూ హాయి," అంటున్నాడు చీఫ్ ఇన్‌స్పెక్టర్ క్రౌథర్.

నేను తలుపు తోసుకుని వెళ్లేసరికి ఆయన బల్ల అంచున ఎక్కి కూర్చుని, అత్తవారింటికొచ్చిన కొత్తల్లుడిలా దర్జాగా పైపు కాలుస్తున్నాడు. ఆ బల్ల నాది. ఆ గదీ నాదే. స్టెయిన్‌క్లఫ్ ఊరికి ఇన్‌స్పెక్టర్ని నేను, ఎడ్డీ సగ్డెన్‌ని. కానీ శనివారం సాయంత్రం జోనస్ ఓల్డ్‌రాయిడ్‌ని అతని తోటలోని షెడ్డులో ఎవరో హత్య చేస్తే ఆదివారం పొద్దున్నకల్లా హెడ్‌క్వార్టర్స్ నుంచి ఈయన ఊడిపడ్డాడు. వచ్చిన గంటలో సెత్ మిడ్జ్‌లీని లోపలేశాడు. ఈ సాయంత్రం హత్యానేరం కింద కేసు రాసేస్తానని అందరికీ చెప్పుకు తిరుగుతున్నాడు కూడా. హత్య రుజువైతే మా దేశంలో శిక్ష ఉరే. ఆ మాట నేను తేలిగ్గా అనలేను, ఎందుకంటే సెత్ నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు.

సెత్‌కి అరవై దాటాయి. పెద్ద చేతులు, చిన్న మాట. రెండు రోజులుగా ఆయన ముఖంలో ఒకటే కళ: నడిరోడ్డు మీద ఎవరో చెంప ఛెళ్లుమనిపిస్తే ఎందుకో తెలీక నిలబడిపోయిన మనిషి కళ.

"ఇంకోసారి చెప్పు సెత్," అన్నాను కుర్చీ లాక్కుని. "మొదటినుంచీ."

"ఎన్నిసార్లు చెబుతాడయ్యా సగ్డెన్? అబద్ధం అరిగిపోతుంది," అన్నాడు క్రౌథర్.

"మీ పైపు ఆరిపోయింది సార్," అన్నాను.

సెత్ గొంతు సవరించుకున్నాడు. "జోనస్ రమ్మన్నాడు. మెషీన్ షాపు మోడల్‌లో ఆఖరి పని అయిపోయింది, వచ్చి చూడు అన్నాడు. నాలుగింటికి వెళ్లాను. షెడ్డు తలుపు కొట్టాను. పలకలేదు. తోశాను. వాడు నేల మీద బోర్లా పడున్నాడు. తల వెనక... చూడలేకపోయాను ఎడ్డీ. పరిగెత్తాను."

"పోలీసుల దగ్గరికి పరిగెత్తొచ్చుగా!" క్రౌథర్ పుల్ల విరిచినట్టు అన్నాడు.

"ఇంటికి పరిగెత్తాను. భయమేసింది. సిగ్గుగా ఉంది చెప్పడానికి."

"లోపల మోడల్ తిరుగుతోందా?" అడిగాను.

"లేదు. చీమ చిటుక్కుమన్నా వినిపించేలా ఉంది."

క్రౌథర్ నావైపు తిరిగి చేతులు చాపాడు, ఇంకేం కావాలి అన్నట్టు. చిక్కంతా అక్కడే ఉంది. జోనస్ భార్య ఎల్సీ మూడున్నరకి చాపెల్‌లో టీ విందుకి బయలుదేరింది. బయలుదేరేటప్పుడు షెడ్డులోంచి మోడల్ తిరుగుతున్న చప్పుడు, బెల్టుల టిక్కుటిక్కు, స్పష్టంగా విన్నానని చెప్పింది. అంటే మూడున్నరకి జోనస్ బతికే ఉన్నాడు. నాలుగింటికి సెత్ గేటు తోసుకుని లోపలికి వెళ్లడం, ఆ వెంటనే పరుగున బయటికి రావడం పక్కింటావిడ చూసింది. ఆ మధ్యలో ఇంకో పురుగు కూడా ఆ తోటలో అడుగు పెట్టలేదు. ఆరింటికి ఎల్సీ తిరిగొచ్చి శవాన్ని చూసింది. డాక్టరేమో మూడుకీ అయిదుకీ మధ్య అన్నాడు. జోనస్ సొంత సుత్తితో, ఒకే ఒక్క దెబ్బ.

"పైగా అసూయ," అన్నాడు క్రౌథర్. "రెండుసార్లు మోడళ్ల ప్రదర్శనలో ఓల్డ్‌రాయిడ్‌కి మొదటి బహుమతి, ఇతనికి రెండోది. బొమ్మ మెషీన్ల కోసం తలలు పగలగొట్టుకునే ముసలాళ్లు! మా ఆవిడకి చెబితే నవ్వుతుంది."

"బొమ్మ కాదు," అన్నాడు సెత్. రెండు రోజుల్లో ఆయన గొంతు లేవడం అదే మొదటిసారి. "మేమిద్దరం కుర్రాళ్లుగా పని చేసిన షాపు అది. పన్నెండో వంతు సైజులో. ఎక్కడ ఏ బోల్టు ఉండేదో అక్కడే ఆ బోల్టు. గోడ మీద నూనె మరక ఎక్కడుంటే అక్కడే మరక. వాడు లేనిది పెట్టడు, ఉన్నది వదలడు."

ఆ చివరి మాట పట్టుకుని నేను రెండు రోజులుగా మనసులో నలుగుతున్న ప్రశ్న అడిగాను. "అయితే ఇది చెప్పు. మోడల్‌లో రెండు లేత్ మెషీన్ల మధ్య ఒక చెక్క అడ్డుగోడ ఉంది కదా. పెద్ద లేత్ వైపు, ఆ గోడకి, రెండు స్క్రూ రంధ్రాలున్నాయి. కొత్తవి. లోపల ఇత్తడి పొడి ఇంకా మెరుస్తోంది. అక్కడేం బిగించాడు?"

సెత్ ముఖంలో రక్తం దిగిపోయింది. నేను చాలామంది భయపడడం చూశాను. ఇది భయం కాదు.

"పెట్టేశాడా?" అన్నాడు. "అయ్యో దేవుడా. నిజంగా పెట్టేశాడా?"

"ఏమిటది?"

ఆయన బల్ల కేసి చూస్తూ కూర్చున్నాడు.

"మీట," అన్నాడు సెత్ చివరికి. "బెల్టుని జరిపి మెషీన్‌ని నడిపే, ఆపే మీట. చిన్న లేత్‌ది. లేత్ గోడకి అవతల, దాని మీట మాత్రం ఇవతల. అలా ఎవడు బిగించాడో వాడి మొహం మండ. ఇవతలున్నవాడికి అవతల ఎవరున్నదీ కనపడదు. చిన్న లేత్ మీద కుర్రాడు పనిచేసేవాడు. ఆర్నీ. ఆర్నల్డ్ గ్రీవ్. పదిహేనేళ్లు. నలభై ఏళ్ల కిందట ఒకరోజు మెషీన్ ఆగి ఉంది కదా అని పళ్ల చక్రాల్లో చేతులు పెట్టి తుడుస్తున్నాడు. మెడలో మఫ్లర్. ఎవరో మీట లాగారు. మెషీన్ తిరిగింది."

"గ్రీవ్ అంటే..." అన్నాను.

"ఎల్సీ తమ్ముడు."

ఆర్నీ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. ఎల్సీ నాకు సండే స్కూల్లో పాఠాలు చెప్పింది. ఆకతాయితనానికి పోయి మెషీన్లన్నిటినీ తిప్పే ఇరుసు, షాఫ్ట్, నడుస్తుండగా దాని మీదికి చేత్తో బెల్టు ఎక్కించబోయి చచ్చిపోయాడని, మీరెవరూ మెషీన్లతో ఆటలాడకండని, ప్రతి ఏడూ ఆవిడే మాకు చెప్పేది. చెబుతూ కిటికీ వైపు తిరిగిపోయేది.

"చేత్తో ఎక్కించాడని కదా విచారణలో తేలింది?" అన్నాను.

"ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేలోపల యజమాని మీట ఊడబీకించాడు. అసలక్కడ మీటే లేదని అందరం చెప్పాం. నేనూ చెప్పాను. ఆ కుర్రాడిదే తప్పని బైబిల్ మీద చెయ్యేసి చెప్పాను. వాళ్లమ్మ ముందు వరసలో కూర్చుని వింటోంది."

"లాగిందెవరు?"

సెత్ తల అడ్డంగా ఊపాడు.

"లాగిందెవరు సెత్?"

"చచ్చిపోయినవాళ్ల సంగతి వదిలెయ్ ఎడ్డీ. ఒక్క మాట. ఇదంతా ఎల్సీకి తెలియనివ్వకు. అదొక్కటే అడుగుతున్నాను నిన్ను."

క్రౌథర్ బల్ల దిగాడు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. "శభాష్ సగ్డెన్. నేను రెండు రోజులు కొట్టుకున్నా దొరకని కారణం నువ్వు రెండు నిమిషాల్లో పట్టుకొచ్చి నా చేతిలో పెట్టావు. మీట లాగింది ఇతనే. ఓల్డ్‌రాయిడ్ ఆ మీటని మోడల్‌లో పెట్టి ప్రదర్శనకి పంపబోతున్నాడు. అక్కడ ఆ షాపులో పనిచేసిన పాతకాపులందరూ చూస్తారు. గుట్టు రట్టవుతుంది. అందుకే ఇతను వెళ్లాడు, కొట్టాడు, మీట పీకేశాడు, పారిపోయాడు. కాదని చెప్పమను!"

నేను సెత్ వైపు చూశాను. కాదను సెత్, ఒక్క మాట అను, అని లోపల అరుస్తున్నాను. ఆయన తల వంచుకున్నాడు. నా చేత్తో నేనే ఆయన మెడకి తాడు పేనినట్టయింది.

"ఒక్కసారి షెడ్డుకి రండి సార్," అన్నాను. "కేసు రాసే ముందు. మీరు ఆ మోడల్ని ఒక్కసారైనా సరిగ్గా చూళ్లేదు."

"చూసేదేముంది?"

"మీ ఆవిడకి చెప్పి నవ్వించడానికైనా పనికొస్తుంది."

ఆయన కోటు తీసుకున్నాడు. ఒక్కందుకు మెచ్చుకోవాలి ఆ మనిషిని. ఎంత ఎత్తిపొడిచినా వస్తాడు.

షెడ్డు తలుపుకి కాపలా కానిస్టేబుల్ ఉన్నాడు. మేం లోపలికి వెళ్తుంటే వంటింటి కిటికీలోంచి ఎల్సీ చూసి చెయ్యి ఊపింది. నల్ల బట్టలు, మీద ఏప్రన్. మొగుడు పోయి రెండ్రోజులు కాలేదు, వచ్చిన ప్రతి పోలీసుకీ టీ ఇస్తూనే ఉంది. అంత మంచి మనిషి ఆవిడ.

మోడల్ బల్లంత పొడుగుంది. పైకప్పు, ముందు గోడ లేవు, లోపలంతా కనిపించడానికి. పైన ఈ చివరినుంచి ఆ చివరికి షాఫ్ట్, దాని నిండా పుల్లీలు, ఒక్కొక్క పుల్లీ నుంచి ఒక్కొక్క మెషీన్‌కి దిగిన తోలు బెల్టు. లోహపు కడ్డీల్ని తిప్పుతూ కోసే పెద్ద లేత్, చిన్న లేత్, ఇంకా డ్రిల్లు, సానరాయి. అగ్గిపెట్టెలో పట్టే లేత్‌కి చేతిచక్రం కూడా తిరుగుతుంది. బెంచీ మీద గోరంత టీ కప్పు, దాని పిడి విరిగి ఉంది. ఎప్పుడో ఎవరిదో కప్పు పిడి విరిగి ఉంటుంది, దాన్ని కూడా వదల్లేదు జోనస్. తొమ్మిదేళ్ల పని. కింద నేల మీద సుద్దగీత, ఆ మనిషి పడి ఉన్న చోట.

"ఇదిగో రంధ్రాలు," అన్నాను.

క్రౌథర్ వంగి చూశాడు. "ఉన్నాయి. మీట పీకేశాడు. నేను చెప్పిందేగా!"

"ఇప్పుడు చిన్న లేత్ చూడండి. మిగతా మెషీన్లన్నీ ఇటు తిరిగి ఉంటే ఇదొక్కటే అటు తిరిగి ఉంది, కిటికీ వెలుతురు కోసం. అవునా?"

"అయితే?"

"అయితే దీని బెల్టుకి మెలిక ఉండాలి. ఎనిమిది అంకెలాగ. అప్పుడే అది సరైన వైపు తిరుగుతుంది. దీనికి మెలిక లేదు. మిగతావాటిలాగే తిన్నగా ఉంది."

మిల్లుల ఊళ్లో పుట్టినవాడెవడికైనా ఇది తెలుసు. క్రౌథర్ మిల్లుల ఊళ్లో పుట్టలేదు. నా ముఖంలోకి అనుమానంగా చూశాడు. "నడిపి చూపించు."

స్విచ్ నొక్కాను. బల్ల కింద మోటారు మూలిగింది, షాఫ్ట్ కదిలింది, బెల్టుల కుట్లు పుల్లీల మీదుగా వెళ్తూ టిక్కు టిక్కుమన్నాయి. షాపంతా ప్రాణం వచ్చినట్టు తిరిగింది. అందరూ బయటికెళ్లి మెషీన్లు మాత్రం మిగిలిన ఫ్యాక్టరీలా ఉంది. చిన్న లేత్ కూడా తిరుగుతోంది, ఉల్టాగా. చక్‌లో, అంటే దాని గుండ్రటి పట్టులో, బిగించిన ఇత్తడి కడ్డీకి పనిముట్టు ఆనుకుని ఉంది. అది కోయడం మానేసి కడ్డీని వెనక్కి పట్టి లాగింది. మూడు చుట్లు. నాలుగు. మరలు ఊడిపోయి చక్ మొత్తం జారి, టంగుమని కింద పడి, దొర్లుకుంటూ వచ్చి క్రౌథర్ బూటు దగ్గర ఆగింది.

ఇద్దరం అదిరిపడ్డాం. శనగగింజంత ముక్క అది. అయినా అంత పెద్ద మనిషీ ఒక అడుగు వెనక్కి వేశాడు.

మోటారు ఆపాను. "శనివారం నేను వచ్చినప్పుడు చక్ దాని చోటే ఉంది. అంటే, బెల్టు ఇలా పడ్డాక ఈ మోడల్ ఒక్కసారి కూడా తిరగలేదు."

"అంతకుముందు మెలికతో తిరిగి ఉంటుంది. మిడ్జ్‌లీ మీట పీకేటప్పుడు బెల్టు ఊడింది, కంగారులో తప్పుగా ఎక్కించాడు."

"సెత్ ఆ షాపులో పని నేర్చినవాడు సార్. మీరు నిద్రలో చొక్కా తిరగేసి తొడుక్కుంటారేమో గానీ, ఆయన ఈ బెల్టు తిరగేసి వెయ్యడు."

"మనిషిని చంపాక చేతులు వణుకుతాయి. నీకింకా హత్యలు కొత్త." ఆయన గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే అన్నాడు. అందుకే ఎక్కువ మండింది నాకు.

భూతద్దం తీశాను. దీపం దగ్గరికి లాగాను. ఆయన్ని ఎలాగైనా ఓడించాలని మాత్రమే ఆ బెల్టు మీదికి వంగాను. ఏం కనిపిస్తుందో నాకు తెలియదు, దేవుడి తోడు.

ఈ బెల్టులు ఎల్సీ పాత గ్లోవ్స్ కత్తిరించి చేసినవి. పల్చటి మేక తోలు. షాఫ్ట్‌ని గోడల్లో బిగించేశాక దాని మీదికి కుట్టేసిన బెల్టు ఎక్కదు. అందుకని తోలుపట్టీని షాఫ్ట్ చుట్టూ తిప్పి, అక్కడే రెండు కొసలూ కలిపి కుట్టాలి. పెద్ద లేత్ బెల్టు చూశాను. పట్టుదారం కుట్లు నూనె పీల్చుకుని నల్లగా ఉన్నాయి. డ్రిల్లుది చూశాను, నలుపు. సానరాయిదీ నలుపే. చిన్న లేత్‌ది చూశాను.

కుట్లు తెల్లగా మెరుస్తున్నాయి.

"ఏమిటి, బిగుసుకుపోయావు?" అన్నాడు క్రౌథర్.

భూతద్దం ఆయన చేతికిచ్చాను. "మీట చివర ఒక కొక్కెం ఉంటుంది సార్, బెల్టు చుట్టూ ఉంగరంలాగ. బెల్టు కొయ్యకుండా మీటని బయటికి తియ్యలేరు. కోశారు. తీశారు. తర్వాత కొత్త దారంతో మళ్లీ కుట్టారు. ఎంత చిన్న కుట్లో చూడండి. కింద శవం ఉండగా, ఈ స్టూలు మీద కూర్చుని, సూదిలో దారం ఎక్కించుకుని, తీరిగ్గా కుట్టారు."

క్రౌథర్ చాలాసేపు చూశాడు. తలెత్తేసరికి ఆయన ముఖంలో రంగు మారింది. ఆయన మూర్ఖుడు కాడు, తొందరమనిషి అంతే.

"మిడ్జ్‌లీ లోపలున్నది..."

"పక్కింటావిడ ఏం చెప్పిందో మీరే రాసుకున్నారు. ఆవిడ గోడ మీద దులుపుతున్న తివాచీ ఇంకా దులపడం అవనేలేదు, అతను బయటికొచ్చేశాడు. పైగా సెత్ తన మోడళ్లలో బెల్టులు కుట్టడు, తీగ కొక్కేలు పెడతాడు. ఊరంతా నవ్వేది దానికే."

"కుట్టకుండా తెగిన బెల్టు అలా వదిలేసి పోవచ్చుగా? ఎవడికి పట్టింది?"

"ఈ ఇంట్లో వదలరు సార్. తొమ్మిదేళ్లుగా ఈ మోడల్‌లో ఏది తెగినా ఆ పూటే..."

నా నోరు ఆ మాట అంటూనే ఆగిపోయింది. నా బుర్ర కన్నా నోరే ముందు అక్కడికి చేరింది. మూడున్నరకి చప్పుడు విన్నానన్న మనిషి ఒక్కరే ఒక్కరు. ఆ ఒక్క మాట మీదే సెత్ మెడకి ఉరి వేలాడుతోంది.

తలుపు దగ్గర కప్పులు గలగలమన్నాయి. ఎల్సీ ట్రే పట్టుకుని నిలబడింది. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు. టీలు, పక్కన ఓ ప్లేట్లో అల్లం కేకు ముక్కలు.

"చక్కెర వేశాను ఎడ్డీ," అంది. "నీకు రెండు కదా?"

నేను కప్పు అందుకోలేదు. పోలీసు ఉద్యోగంలో ఎన్ని శవాల్ని చూశానో, ఎవరెవరి తలుపులు తట్టి ఎంత చెడ్డ కబుర్లు చెప్పానో. ఏ ఒక్కటీ ఇంత కష్టం కాలేదు.

"ఎల్సీ ఆంటీ," అన్నాను. "చిన్న లేత్ బెల్టు కుట్టిందెవరు?"

"నేనే. అన్నీ నేనే కుట్టాను. నీకు తెలుసుగా."

"ఎప్పుడు?"

ఆవిడ ట్రేని బల్ల మీద పెట్టింది. మోడల్‌కి తగలకుండా, అలవాటుగా, చివరన పెట్టింది. తర్వాత వంగి, చక్ ఊడిపోయిన లేత్‌ని చూసింది.

"ఉల్టాగా తిరిగిందా?" అంది.

"అవును."

"మెలిక ఎప్పుడూ ఆయనే వేసి పట్టుకునేవాడు. నేను కుట్టేదాన్ని. శనివారం పట్టుకునేవాళ్లు లేరు కదా." ఏప్రన్‌తో చేతులు తుడుచుకుంది. "నాకసలు ఆ సంగతే తట్టలేదు చూడు."

నేను స్టూలు జరిపాను. ఆవిడ కూర్చుంది.

"మీరేం చెప్పినా రాసుకోవాల్సి వస్తుంది ఆంటీ. చెప్పకపోయినా ఫరవాలేదు. లాయర్‌ని..."

"సెత్‌ని వదిలెయ్యండి ముందు. నిన్న టోపీ పెట్టుకుని రెండుసార్లు బయలుదేరాను స్టేషన్‌కి. గేటు దాకా వెళ్లాను. అక్కడ కాళ్లు రాలేదు. వాడిని ఉరి తీస్తారని తెలుసు. అయినా కాళ్లు రాలేదు. అంత పాపిష్టిదాన్ని అవుతాననుకోలేదు ఎడ్డీ నేను. నేను చాపెల్‌కి వెళ్లేసరికి ఆయన పోయి అరగంటయింది. చప్పుడు విన్నానని ఎందుకన్నానో, నోట్లోంచి వచ్చేసింది. సెత్ వస్తాడని నాకు తెలియదు. ఆయన పిలిచాడని నాతో అనలేదు."

"శనివారం ఏం జరిగింది?"

"అయిపోయింది, రా, అన్నాడు. వచ్చాను. తిరుగుతోంది అంతా. బాగుంది. నిజంగా బాగుంది. గోడ పక్కన కొత్తగా మీట కనిపించింది. ఇదేమిటి అని వేలితో ఇలా జరిపాను." చూపుడువేలు గాల్లో కొద్దిగా కదిపింది. "అవతల ఆర్నీ మెషీన్ తిరిగింది."

క్రౌథర్ భూతద్దం బల్ల మీద పెట్టాడు.

"నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఈయన ఎప్పుడూ లేనిది పెట్టడు. మీట లేదని కోర్టులో చెప్పారు కదా, మరి ఇదెక్కడిది అని అడిగాను. చెప్పాడు. ఆ రోజు కుర్రాడిని ఉలికిపడేలా చేద్దామని, నవ్వులాటకి, తనే లాగాడట. పాపం భయపడతాడు, నవ్వుకుందాం అని. అంతేనట."

క్రౌథర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయన గొంతు బాగా తగ్గింది. "మిసెస్ ఓల్డ్‌రాయిడ్, నలభై ఏళ్లుగా ఆయన దాన్ని మోశాడు. చివరికి ఉండబట్టలేక మీ ముందు బయటపెట్టుకున్నాడు. అలాంటి మనిషిని..."

ఆవిడ ఆయన వైపు చూసింది. సండే స్కూల్లో తప్పు జవాబు చెప్పిన పిల్లాణ్ని చూసినట్టు, కోపం లేకుండా చూసింది.

"నేనూ అదే అనుకున్నాను అయ్యా. బరువు మొయ్యలేక చెబుతున్నాడనుకున్నాను. ఏడుస్తాడేమో, దగ్గరికి తీసుకుందామనుకున్నాను. నిజం. మా అమ్మ ఆర్నీ పేరెత్తితే సిగ్గుతో చచ్చేది. నా కొడుకు ఆకతాయి వెధవ, మెషీన్‌తో ఆటలాడి చచ్చాడు అనుకుంటూనే కన్ను మూసింది. ఆవిడ మంచం పక్కన ఈయనా కూర్చున్నాడు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు చెప్పలేదు. అందుకే అడిగాను. ఇన్నేళ్లూ ఎందుకు దాచావని కాదు. ఇవాళ ఎందుకు చెబుతున్నావు జోనస్, అని అడిగాను."

"ఏమన్నాడు?" అన్నాను.

"నావైపు తిరగనైనా తిరగలేదు. గుడ్డతో ఆ మీట తుడుస్తున్నాడు. తుడుస్తూ, 'చెప్పక తప్పలేదు ఎల్సీ, అది లేకపోతే మోడల్ తప్పవుతుంది, జడ్జీలు మార్కులు తీసేస్తారు' అన్నాడు."